చిన్నజాతి కుక్క ఇంట్లో ఈనుతుంటే: ఏం కనబడితే ఏం చేయాలి

క్రాసింగ్ అయ్యాక 58 నుంచి 68 రోజుల్లో కుక్క ఈనుతుంది. చివావా, పగ్ లాంటి చిన్నజాతుల్లో అసలు చిక్కు తల్లి కటి ఇరుగ్గా, పిల్ల తల పెద్దదిగా ఉండటం. 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీయించి పిల్లల్ని లెక్కపెట్టించండి. ఆ అంకె చేతిలో లేకపోతే కాన్పు అయిపోయిందో, లోపల ఇంకొకటి మిగిలిందో తేలదు.

ఎప్పుడు ఈనుతుందో తెలియడం లేదు
58వ రోజు నుంచి ఎనిమిది గంటలకోసారి మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడండి. మామూలుగా 38 - 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్ పడిపోగానే 37.2 కిందకు దిగుతుంది. అప్పటి నుంచి సాధారణంగా 24 గంటల్లో నొప్పులు మొదలవుతాయి. కొన్ని గంటల్లోనే మళ్లీ పైకి వస్తుంది కాబట్టి రోజుకొక్కసారి చూస్తే ఆ దిగుడు దొరకదు. దిగి ఒక రోజు దాటినా నొప్పులు రాకపోతే డాక్టర్‌కు చూపించాలి.

వణుకు, రొప్పు, గుడ్డలు గీకడం, తిండి మానేయడం
గర్భాశయ ద్వారం తెరుచుకుంటోంది. 6 - 12 గంటలు పడుతుంది, తొలిచూలుకు ఇంకా ఎక్కువ. వెలుతురు తగ్గించి వదిలేయండి. చుట్టూ జనం చేరితే నొప్పులు ఆగిపోతాయి.

ముక్కుతోంది, పిల్ల రావడం లేదు
ఇక్కడ గడియారమే ముఖ్యం. గట్టిగా ముక్కడం మొదలై 20 - 30 నిమిషాలైనా పిల్ల రాకపోతే, అడ్డం తిరిగి ఉండొచ్చు, తల ఇరుక్కుని ఉండొచ్చు. ఆస్పత్రికి బయల్దేరండి. ఒక పిల్లకీ మరో పిల్లకీ మధ్య రెండు గంటలు దాటినా అంతే. మొదటి పిల్ల రాకముందే ముదురు ఆకుపచ్చ స్రావం కనబడితే మావి విడిపోయినట్టు, నిమిషం కూడా ఆగొద్దు. పిల్ల పుట్టాక అదే రంగు మామూలే. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇంట్లో చేయొద్దు. దారి మూసుకుపోయి ఉంటే గర్భాశయం చిట్లుతుంది.

వెనక కాళ్లు ముందు రావడం తప్పు కాదు, చాలా పిల్లలు అలాగే పుడతాయి. తోక ఒక్కటే కనబడి కాళ్లు లోపలే మడిచి ఉంటేనే ఇరుక్కునే ప్రమాదం. సగం బయటికొచ్చి ఆగితే పొడి టవల్‌తో పిల్ల ఒళ్లంతా పట్టుకుని, తల్లి ముక్కినప్పుడే, తల్లి పొట్ట వైపు కిందకు వంచినట్టు మెల్లగా లాగండి. కాలో తలో ఒక్కటే పట్టి గుంజొద్దు.

పిల్లలో కదలిక లేదు
తల్లి ఉమ్మనీటి సంచి చింపకపోతే ముందు ముక్కు దగ్గర మీరు చింపండి. తల కిందకు వంచి నోరు తుడిచి, రబ్బరు బల్బుతో ముక్కులో ద్రవం లాగండి. టవల్‌తో వీపు, పక్కలు గట్టిగా రుద్దుతూ ఉండండి, ఐదు నిమిషాలకే ఆశ వదులుకోవద్దు. పట్టుకుని ఊపడం పాత అలవాటు, మెదడులో రక్తస్రావం అవుతుంది. బొడ్డుతాడు పొట్టకు రెండు సెంటీమీటర్ల దూరంలో దారంతో కట్టి, ముడి అవతల కత్తిరించండి.

పిల్ల చల్లగా ఉంది, పాలు తాగడం లేదు
ముందు వేడి, తర్వాతే పాలు. చల్లబడిన పిల్లకు పేగులు కదలవు, పట్టిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటి వారం పిల్లలుండే చోట 29 - 32 డిగ్రీలు ఉండాలి, కానీ పెట్టెలో సగం భాగానికే వేడి పెట్టండి, తల్లి పక్కకు జరగాలి కదా. రోజూ గ్రాముల తూకం వేయండి. రెండో రోజు నుంచి బరువు పెరగకపోతే పాలు అందట్లేదన్నమాట.

ఈనిన రెండు, మూడు వారాలకు తల్లి బిగుసుకుపోతోంది, వణుకుతోంది
కాల్షియం పాలకు పోయి రక్తంలో తగ్గిపోయింది. పిల్లల్ని వేరుచేసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, నరంలోకి కాల్షియం ఎక్కించాల్సి ఉంటుంది. బలమని చూలులోనే కాల్షియం బిళ్లలు వేస్తే ఇది తగ్గదు, పెరుగుతుంది: బయటి నుంచి అందుతుంటే ఎముకల నుంచి తీసుకునే ఏర్పాటు మందగిస్తుంది.