తప్పు డిస్కు లాగకుండా: సర్వర్ ఎన్‌క్లోజర్‌లో పాడైన డిస్కును గుర్తుపట్టడం

రెయిడ్ 5లో, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతిలో, ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది. పోయినదాన్ని వదిలేసి పక్కనున్న మంచిదాన్ని లాగితే మాత్రం మొత్తం ఆగిపోతుంది. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో, నెల్లూరు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో సర్వర్ ఇక్కడుంటే, దాన్ని చూసే ఇంజినీరు చెన్నైలోనో విజయవాడలోనో ఉండొచ్చు. ఫోనులో "ఎడమ నుంచి మూడోది తియ్యన్నా" అన్నారంటే ప్రమాదం అక్కడే మొదలు. బేల (డిస్కు దూర్చే అరల) లెక్క కొన్ని ఎన్‌క్లోజర్లలో, అంటే డిస్కుల పెట్టెల్లో, 0 నుంచి, కొన్నింట్లో 1 నుంచి నడుస్తుంది. 12 బేలవాటిలో నంబర్లు కొన్నింటికి అడ్డంగా, కొన్నింటికి నిలువుగా పోతాయి.

డిస్కులకు లైనెక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లనూ నమ్మకండి. దొరికిన వరుసలో పెట్టే పేర్లవి, రీబూట్ అయితే మారిపోవచ్చు. డిస్కు మీద ముద్రించిన సీరియల్ నంబరు మారదు. ముందుగా డిస్కు వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కి మైనస్ ఐ ఇచ్చి సీరియల్ కాగితం మీద రాసుకోండి. ఒకే సీరియల్ రెండు పేర్లతో కనబడితే కంగారు పడక్కర్లేదు. శాస్ (సర్వర్లలో వాడే ఒక రకం కనెక్షన్) డిస్కుకి రెండు పోర్టులుంటాయి, రెండు దారుల్లో కేబుల్ వేస్తే రెండుసార్లు కనిపిస్తుంది.

హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు ఉంటే సాధారణంగా లైనెక్స్‌కి విడి డిస్కులు కనబడవు, కార్డు టూల్‌నే అడగాలి. బ్రాడ్‌కామ్ (ఎల్‌ఎస్‌ఐ) కార్డుల టూల్ స్టోర్‌సీఎల్‌ఐ. దాని జాబితాలో ఎన్‌క్లోజర్, స్లాట్ (బే) నంబర్లు 252:3 లాగా జంటగా వస్తాయి. పక్కనే డీఐడీ అని ఇంకో కాలమ్ ఉంటుంది. అది కార్డు డిస్కుకి ఇచ్చుకునే గుర్తు సంఖ్య, స్లాట్ కాదు, ఈ రెండూ కలిపేసుకుని పొరబడేవాళ్ళు చాలామంది.

ఇప్పుడు లైటు వెలిగించండి. స్టోర్‌సీఎల్‌ఐలో సీ0, ఈ252, ఎస్3 (కార్డు 0, ఎన్‌క్లోజర్ 252, స్లాట్ 3) ఇచ్చి స్టార్ట్ లొకేట్ అంటే ఆ బే దగ్గర లైటు మెరుస్తుంది. కార్డు లేకపోతే లెడ్‌సీటీఎల్, లేదా ఎస్‌జీ_సెస్ అనే లైనెక్స్ కమాండ్లు అదే పని చేస్తాయి, ఎన్‌క్లోజర్ ఎస్‌ఈఎస్ (పెట్టెతో మాట్లాడే ప్రమాణం) అర్థం చేసుకునేదైతే. లైటు రంగు తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి రంగు చూసి తేల్చకండి. ఆపి, మళ్ళీ వెలిగించి, అవతలి మనిషి "ఆగింది, వెలిగింది" అని రెండుసార్లు చెప్పేదాకా చెయ్యి పెట్టనివ్వకండి.

లొకేట్ లైటు లేని పెట్టెకి డీడీ (డేటా చదివి రాసే లైనెక్స్ కమాండ్) దారి ఉంది. ఐఎఫ్ (ఎక్కడ నుంచి చదవాలి) దగ్గర డిస్కు, ఓఎఫ్ (ఎక్కడ రాయాలి) దగ్గర డెవ్ నల్ (రాసినది మాయమైపోయే చోటు) ఇచ్చి 5 సెకన్లు చదివించి, 5 సెకన్లు ఆపుతూ పోతే యాక్టివిటీ లైటు అదే తాళంలో వెలిగి ఆరుతుంది. ఐఫ్లాగ్ డైరెక్ట్ కూడా ఇవ్వండి, లేకపోతే రెండోసారి మెమరీ నుంచే చదివేసి లైటు కదలదు. ఓఎఫ్ దగ్గర డిస్కు పేరు ఎప్పుడూ రాకూడదు. అక్కడ ఏది ఇస్తే దాని మీద రాసేస్తుంది. డిస్కు పూర్తిగా చచ్చిపోయి ఉంటే చదవదుగా, అప్పుడు మిగతా మంచివాటిని ఒక్కొక్కటిగా వెలిగించి, మిగిలిపోయినదాన్ని పట్టుకోండి. ఆఫీసు పని లేని వేళ చేస్తేనే ఇది తేటగా తెలుస్తుంది.

స్లాట్ నంబరు, లైటు రెండూ ఒకే బేని చూపిస్తేనే లాగాలి. ముందు బ్యాకప్ సరిగ్గా ఉందో చూసుకోండి. లాచ్ నొక్కి 2, 3 సెంటీమీటర్లు బయటికి తీసి, 30 సెకన్లు ఆగండి. లోపల పళ్ళెం తిరుగుతుండగా ఊపితే డిస్కు దెబ్బతింటుంది. బయటికొచ్చాక పైనున్న స్టిక్కర్‌లో సీరియల్ చదివి కాగితంతో సరిపోల్చండి. సరిపోకపోతే ఇంకో డిస్కు కదపకండి. తీసినదాన్ని అదే బేలో పెట్టి ఆగండి. ఇనిషియలైజ్ (డిస్కులను కొత్తగా సిద్ధం) చేయమంటారా అని కార్డు అడిగితే ఒప్పుకోకండి, ఉన్న డేటా కూడా పోతుంది.

డిస్కు కొత్తగా బిగించేటప్పుడే సీరియల్‌లో చివరి 6 అక్షరాలు క్యాడీ (డిస్కు బిగించే ట్రే) ముందు అంటిస్తే ఈ తిప్పలు సగం తగ్గుతాయి. గాలి రంధ్రాలు మూయకుండా అంటించండి, మన ఎండలకి ఆ గాలే దిక్కు. బే నంబరు ఒక్కటే రాస్తే చాలదు: గ్రానైట్ దుమ్ము దులపడానికి క్యాడీలన్నీ తీసిన రోజున ఏది ఎక్కడ పెట్టారో ఆ నంబరు చెప్పలేదు, సీరియల్ చెబుతుంది.