వానలకు ముందే బట్టల కబోర్డు సర్దుతున్నారా? ఇవి చూసుకోండి

బెజవాడ ఎండ మే నెలాఖరు దాకా మన చేతిలోనే ఉంటుంది. ఈ పని అప్పుడే పెట్టుకోవాలి. ముసురు పట్టాక ఏదీ ఆరదు.

- ముందు గోడ సంగతి. కబోర్డు వెనక బాత్రూమ్ ఉందా? బయటి గోడా? అడుగు పాలిథీన్ ముక్కను గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు తడి కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోంది. అప్పుడు పైపు లీకేజీ, బయటి పగుళ్లు చూడాలి. పెయింట్ వేసి కప్పేస్తే డబ్బు దండగ. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు చేరిన సింగ్ నగర్ వైపు ఇళ్లయితే ఈ పరీక్ష తప్పనిసరి.

- చెక్క బీరువా అయితే గోడకు నాలుగు వేళ్ల ఎడం.

- బూజు తుడిచేటప్పుడు మాస్కు, గ్లౌజులు, తెరిచిన కిటికీ. బ్లీచింగ్‌లో వెనిగర్ గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

- కలరా ఉండలు పురుగులకే, చెమ్మను పీల్చవు. దానికి సిలికా జెల్ గానీ, కాల్షియం క్లోరైడ్ డబ్బా గానీ కావాలి. డబ్బాలో చేరే నీళ్లు పట్టుచీరల మీద ఒలకకుండా వాటి కింది అరలో పెట్టండి, అదీ పిల్లలకు అందని ఎత్తులో.

- ఇస్త్రీ చేసిన వెంటనే లోపల పెట్టకండి. ఆవిరి పోనివ్వండి.

- తేమ 60 శాతం దాటితే బూజుకు పండగే. చిన్న తేమ మీటరు కొనుక్కోవచ్చు. బయట వాన పడుతుంటే మాత్రం గాలి కోసమని కబోర్డు తలుపులు తెరిచి ఉంచొద్దు.