చెవి మిషన్: అనలాగా, డిజిటలా?

ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చెవి చూపించండి. గులిమి గట్టిపడి మూసుకుపోయినా వినికిడి తగ్గుతుంది, తీసేస్తే కొందరికి మిషనే అక్కర్లేదు. చీము కారుతున్నా, ఒక్క చెవే తగ్గినా, ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో తగ్గినా మిషన్ మాట తర్వాత, వైద్యం ముందు.

ఆ పైన ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గీత. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్థాయి దగ్గర ఎన్ని డెసిబెల్స్ పెడితే వినపడుతోందో గీత గీసి ఇస్తారు. ఆ కాగితం అడిగి తీసుకోండి. ఏ మిషన్ కావాలన్నది చాలావరకు అందులోనే తేలుతుంది.

వయసు మీద పడ్డవాళ్లకు ఆ గీత ఎక్కువగా కుడివైపుకి కిందికి జారుతుంది. అంటే బొంగురు శబ్దాలు వినపడతాయి, సన్నవి పోతాయి. అచ్చులు అందుతాయి గానీ స, శ, త, క లాంటివి అందవు. "మాట వినపడుతోంది, ఏమన్నారో తెలియట్లేదు" అనేది అందుకే. అనలాగ్ మిషన్‌లో ఉండేవి వాల్యూమ్ చక్రం, మహా అయితే ఒక టోన్ స్క్రూ. వినపడేదాన్నీ వినపడనిదాన్నీ కలిపి పెంచేస్తుంది. వంటింట్లో స్టీలు పళ్లెం పడిందంటే తల అదిరిపోతుంది, మర్నాటి నుంచి మిషన్ డబ్బాలోనే. డిజిటల్ మిషన్ శబ్దాన్ని బొంగురు నుంచి సన్నం దాకా ముక్కలుగా (వాటినే చానళ్లు అంటారు) విడదీసి తగ్గినచోటే పెంచుతుంది, చిన్న శబ్దాన్ని ఎక్కువగా, పెద్దదాన్ని తక్కువగా.

అయితే డిజిటల్ అన్న పేరొక్కటే చాలదు. ఆడియాలజిస్టు (వినికిడి పరీక్ష చేసే నిపుణులు) మీ ఆడియోగ్రామ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి మిషన్‌ను దానికి సరిచేయాలి. అట్టపెట్టెలోంచి తీసి చేతిలో పెట్టేది ఎంత ఖరీదైనా దండగే. చానళ్ల సంఖ్య చూపించి పెద్ద మోడల్ అంటగట్టబోతే, ఆ డబ్బు రెండో చెవికి పెట్టడం మేలు.

ట్రయల్ నిశ్శబ్దంగా ఉన్న గదిలో వద్దు. టీవీ పెట్టి, మనవరాలిని వెనక నిలబెట్టి మాట్లాడించండి. నమిలినప్పుడు కుయ్యిమంటే చాలాసార్లు మోల్డ్ (చెవి కొలతకు పోసి చేసే, చెవిలో కూర్చునే అచ్చు) వదులుగా ఉన్నట్టు. వాల్యూమ్ తగ్గించి సరిపెట్టుకోకుండా మోల్డ్ మళ్లీ చేయించండి.

వేళ్లు వణికేవాళ్లకు జేబు మిషన్ నయం: చక్రం పెద్దది, వేసేది మామూలు పెన్సిల్ సెల్. మైకు జేబులో ఉంటుంది కాబట్టి చొక్కా రాపిడి గరగరలాడుతుంది. జేబు మిషన్లలోనూ డిజిటల్ ఉన్నాయి, అడగండి.

చెవి వెనక పెట్టుకునేవాటికి 13 నంబరు బటన్ సెల్ అయితే నారింజ స్టిక్కర్, 675 అయితే నీలం. స్టిక్కర్ పీకి, ఒకట్రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయండి. ఒకసారి పీకాక మళ్లీ అంటించినా సెల్ ఖర్చవుతూనే ఉంటుంది. రాత్రి సెల్ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. చెమటకు పాడయ్యే మిషన్లు తక్కువేం కాదు.

ఆదాయం తక్కువున్నవాళ్లు కొనేముందు వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్రం వారి ఎడిప్ పథకం గురించి కనుక్కోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఆడియోగ్రామ్ వెంట ఉంచుకోండి.