బుడమేరులో దొంగ ఆక్సిజన్

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం విజయవాడలో బుడమేరు వాగు నీళ్లు పరీక్షించాను. ముక్కు మూసుకుని నిలబడాల్సిన చోట కరిగిన ఆక్సిజన్ లీటరుకు 6 మిల్లీగ్రాములు వచ్చింది! మా సార్ కాగితం చూసి, "అంత మంచి నీళ్లయితే ఓ గ్లాసు తాగు" అన్నారు.

తప్పు నాదే. వంతెన మీంచి బకెట్ వేసి లాగి, సీసాలోకి గలగలా పోశాను. అలా పోస్తే గాలిలోని ఆక్సిజన్ నీళ్లలో కలిసిపోతుంది. పైగా సీసాలు ల్యాబ్‌కి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, ఆలస్యమైతే సీసాలో ఆక్సిజన్ లెక్క మారిపోతుంది.

రెండోసారి గమ్‌బూట్లు వేసుకుని, లోతు తక్కువగా ఉన్నచోట దిగాను. ప్రవాహానికి ఎదురుగా నిలబడ్డాను, నా కాళ్లు లేపిన బురద వెనక్కి పోవాలిగా. ఆక్సిజన్ పరీక్షకి వాడే 300 మిల్లీలీటర్ల గాజు సీసాని (బీఓడీ సీసా అంటారు) నీళ్లలోపలే నెమ్మదిగా నింపి, బుడగ మిగలకుండా అక్కడే మూత పెట్టాను. నీళ్లలోని ఆక్సిజన్‌ని అక్కడికక్కడే పట్టి ఉంచే రసాయనాలు, మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడ్ అజైడ్, గట్టు మీదే కలిపాను. ఆక్సిజన్ బాగా ఉంటే ముదురు గోధుమ రంగు మడ్డి రావాలి. నాకు దాదాపు తెల్లగానే వచ్చింది. టైట్రేషన్‌లో, అంటే చుక్కచుక్కగా రసాయనం కలిపి కొలిస్తే, లీటరుకు 1 మిల్లీగ్రాము కూడా దాటలేదు.

టైమ్ కూడా రాసుకోండి. ఎండెక్కితే నాచు ఆక్సిజన్ వదులుతుంది, పొద్దుటి లెక్కకీ మధ్యాహ్నం లెక్కకీ పొంతన ఉండదు.