పటం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: లాస్ ఏంజెలెస్‌లో మాయమైన పట్టాలు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్ పటం తెరిచి, వీధుల గళ్ళు ఎక్కడ దిశ మార్చుకుంటున్నాయో వెతకమన్నాను. హూవర్ స్ట్రీట్ అని రాసుకున్నవాళ్ళ జవాబు సరైనది. దానికి తూర్పున డౌన్‌టౌన్ వీధులు పక్కకు ఒరిగినట్టు ఏటవాలుగా ఉంటాయి. పడమర వైపు తిన్నగా ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. 1781లో స్పెయిన్ పాలన కింద 44 మంది వచ్చి ఈ ఊరికి పునాది వేశారు. ఆ ఊరికి కేటాయించిన భూమికి పడమటి హద్దు ఈ హూవర్ స్ట్రీటే. ఒరిగిన గళ్ళు స్పెయిన్ పద్ధతివి, తిన్నని గళ్ళు అమెరికా సర్వేవి. ఆ తేడా మీ అంతట మీకే కనబడి ఉంటే ఈ రోజు పాఠం కష్టం కాదు.

ఈ రోజు నేర్చుకునేది, ఇప్పుడు లేని పట్టాలను పటంలో కనిపెట్టడం.

లాస్ ఏంజెలెస్ అంటే ముందుగా ఫ్రీవేలు, ట్రాఫిక్ జామ్‌లే గుర్తొస్తాయి. అక్కడ ఏళ్ళుగా ఉంటున్న మనవాళ్ళు కూడా "అది కార్ల కోసం కట్టిన ఊరు" అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పటం అలా చెప్పదు. అక్కడి మొదటి ఫ్రీవే, అరోయో సెకో పార్క్‌వే, తెరిచింది 1940 డిసెంబర్ 30న. కానీ 1900లో లక్ష చిల్లర ఉన్న జనాభా 1930కే 12 లక్షలు దాటేసింది. ఊరు అంత దూరం పరుచుకోవడం మొదలైంది ట్రాముల వెంట. మధ్యలో మిగిలిన ఖాళీలను తర్వాత కార్లు నింపాయి.

1901లో హెన్రీ హంటింగ్టన్ పసిఫిక్ ఎలక్ట్రిక్ కంపెనీ పెట్టాడు. ఆయన వ్యాపారం మన రియల్ ఎస్టేట్ భాషలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఊరి బయట ఖాళీ భూమి కొనడం, అక్కడిదాకా పట్టాలు వేయడం, ఆ తర్వాత వెంచర్ వేసి ప్లాట్లు అమ్మడం. టికెట్ల మీద పెద్దగా మిగలకపోయినా ప్లాట్ల మీద మిగిలేది. జనం 'ఎర్ర కార్లు' అని పిలుచుకున్న ఆ ట్రాములకు మంచి రోజుల్లో 1,000 మైళ్ళకు పైగా పట్టాలుండేవి. నగరం లోపల తిరిగే 'పసుపు కార్లు' వేరే కంపెనీవి, వాటి పట్టాల వెడల్పు కూడా తక్కువ. మనం వెతకబోయేవి ఎక్కువగా ఎర్ర కార్ల జాడలు.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. లాస్ ఏంజెలెస్ దగ్గరున్న శాన్ మరీనోలో హంటింగ్టన్ డ్రైవ్ దగ్గరికి వెళ్ళి బాగా జూమ్ చేయండి. రోడ్డుకు అటూ ఇటూ ఇళ్ళు, మధ్యలో పొడుగ్గా పచ్చిక కనబడుతుంది. మామూలు డివైడర్ ఒక గజమో రెండు గజాలో ఉంటుంది. ఇక్కడ డివైడర్ మీద ఇంకో రోడ్డు వేయొచ్చు. ఇలాంటిది కనబడగానే ఆగి ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇంత ఖరీదైన భూమిని రోడ్డు మధ్యలో ఎవరు వదిలేస్తారు? ఊరికే ఎవరూ వదలరు. 1951 దాకా ఆ పచ్చిక ఉన్నచోట ఎర్ర కార్లు నడిచాయి. పట్టాలు పీకేశారు, వాటి చోటు మిగిలిపోయింది.

రెండో గుర్తు ఏటవాలు కోత. తిన్నని గళ్ళ మధ్య నుంచి ఒక గీత అడ్డంగా కోసుకుంటూ పోతుంది. దాని పక్కనున్న ఇళ్ళ స్థలాలు త్రికోణాలుగా తెగి ఉంటాయి. పామ్స్ అనే పేటలో చూడండి. ఆ గీత మీద 1875లోనే శాంటా మోనికా నుంచి ఆవిరి రైలు నడిచింది. తర్వాత అదే పసిఫిక్ ఎలక్ట్రిక్ చేతికొచ్చి కరెంటు రైలు లైన్ అయింది. 1953లో ప్రయాణికుల రైళ్ళు ఆపేశారు. 2016 మే 20న మళ్ళీ శాంటా మోనికా దాకా రైలు వచ్చింది. యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా)లో చదివే మన పిల్లలు కాలేజీ పక్కనే ఎక్కే మెట్రో రైలు ఈ-లైన్ ఇదే. కాబట్టి గళ్ళతో సంబంధం లేకుండా ఒక గీత సాగితే, ఆ గీత ముందు పుట్టి వీధులు తర్వాత వచ్చాయేమో అని అనుమానించండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన లైన్ దగ్గరికి వద్దాం. డౌన్‌టౌన్ నుంచి లాంగ్ బీచ్ వెళ్ళే ఏ-లైన్. మొదటిసారి ఎక్కినప్పుడు కిటికీ పక్కనే కూర్చున్నాను. డౌన్‌టౌన్ దాటాక వాషింగ్టన్ బులెవార్డ్ మీద రైలు సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ బస్సులాగే వెళ్ళింది. తర్వాత దక్షిణానికి తిరగగానే వేగం అందుకుంది. రోడ్డు పక్కకు తప్పుకుంది, పక్కనే గూడ్స్ పట్టాలు కనబడ్డాయి. ఒళ్ళో ఉన్న పటంలో మా దారి స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆ మలుపు దగ్గరే ఎర్ర కార్ల పాత దారి మొదలవుతుంది. పసిఫిక్ ఎలక్ట్రిక్ తన మొదటి దూరపు లైన్‌ను 1902 జూలై 4న లాంగ్ బీచ్‌కే వేసింది. ఎర్ర కార్లలో ఆఖరిది కూడా 1961 ఏప్రిల్ 9న ఈ లైన్‌లోనే ఆగిపోయింది. 1990 జూలై 14న కొత్త తరం రైలు మొదలైందీ ఇక్కడే. వాట్స్‌లో 1904 నాటి చెక్క స్టేషన్ ఇంకా పట్టాల పక్కనే నిలబడి ఉంది. 1965 అల్లర్లలో ఆ వీధిలో చుట్టుపక్కల దుకాణాలు తగలబడినా అది మిగిలింది. నా మాట విని, వెళ్ళినప్పుడు అక్కడ ఒక రైలు వదిలేసి దాన్ని చూడండి.

"కార్ల కంపెనీలు కుట్ర చేసి ట్రాములను చంపేశాయట కదా" అని చాలామంది అడుగుతారు. జనరల్ మోటార్స్, టైర్లు చేసే ఫైర్‌స్టోన్ లాంటి కంపెనీల డబ్బుతో నడిచిన ఒక సంస్థ 1945లో పసుపు కార్ల కంపెనీని చేజిక్కించుకుంది. బస్సులు, సామగ్రి అమ్మకంలో గుత్తాధిపత్యానికి కుట్ర చేశారని 1949లో కోర్టు దోషులుగా తేల్చింది. అంతవరకు నిజం. కానీ అంతకు చాలా ముందు నుంచే ఎర్ర కార్ల లైన్లు ఒక్కొక్కటిగా బస్సులుగా మారుతున్నాయి. ట్రాములు కార్ల ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమవుతున్నాయి, ప్లాట్లు అమ్ముడయ్యాక పట్టాల మీద డబ్బు పెట్టేవాళ్ళు లేకపోయారు. తప్పంతా ఒక్క కంపెనీ మీదే వేస్తే అసలు కారణం మన చేతికి చిక్కదు.

మూడో గుర్తు, అనుకోని మలుపు. బి-లైన్ సబ్‌వే విల్షైర్ బులెవార్డ్ కింద పడమరకు వెళ్తూ వెళ్తూ వెర్మాంట్ అవెన్యూ దగ్గర ఉత్తరానికి తిరిగి హాలీవుడ్ వైపు పోతుంది. రద్దీ అంతా విల్షైర్ మీద ఉంటే రైలు ఎందుకు తిరిగింది? 1985లో, విల్షైర్ దారిలో ఇంకా పడమరన ఉన్న ఫెయిర్‌ఫాక్స్ ప్రాంతంలో, ఒక బట్టల దుకాణంలో భూమిలోంచి వచ్చిన మీథేన్ పేలింది. ఆ ప్రాంతంలో సొరంగాలకు కేంద్ర నిధులు ఇవ్వకూడదని అమెరికా కాంగ్రెస్ నిషేధం పెట్టింది. అది తొలగింది 2007లో. ఈ కారణం పటం తనంతట చెప్పదు. ఎక్కడ అడగాలో మాత్రం చూపిస్తుంది.

వచ్చే పాఠానికి రెండు పనులు. ఒకటి, బ్రెంట్‌వుడ్‌లో శాన్ విసెంటె బులెవార్డ్‌ను శాటిలైట్ వ్యూలో చూసి, మధ్యలో వరసగా చెట్లున్న స్థలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కాగితం మీద గీయండి. రెండోది కొంచెం కష్టం. లాస్ ఏంజెలెస్ నగర సరిహద్దు పటం తీసి, దక్షిణాన సన్నగా తోకలా వేలాడుతున్న భాగాన్ని కనుక్కోండి. నగరం ఆ తోకను 1906లో కలుపుకుంది. దాని చివర ఏముందో చూసి, అంత సన్నని స్థలం ఊరికి ఎందుకు అవసరమైందో రెండు వాక్యాల్లో రాసుకుని ఉంచండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.