కొత్త డైరెక్టరుకు పాఠాలు – 4: ఏం అడగాలి, ఎవరిని అడగాలి

పోయిన పాఠంలో ఇచ్చిన పని చిన్నదే. మీ స్వచ్ఛంద సంస్థ పనిచేసే ఒక అంగన్‌వాడీకి వెళ్లి, ఒక పూట కూర్చొని, చూసింది రాసి పంపమన్నాను. లెక్కప్రకారం ఈసారి బడ్జెట్ పట్టిక చదవడం నేర్చుకోవాలి. మీరు పంపిన కాగితాలు చదివాక అది వచ్చే పాఠానికి జరిపాను.

సగానికి పైగా కాగితాల్లో కథ ఒకటే. మీరు గడపలో అడుగు పెట్టారు. టీచరు లేచి నిలబడింది. ఆయా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. అటూ ఇటూ తిరుగుతున్న పిల్లల్ని గోడవారగా వరసలో కూర్చోబెట్టారు. మీరు మొదటి పాపను పేరడిగారు, పాట పాడమన్నారు. చప్పట్లు, ఫోటో, టీ. ఆఖరున ‘పిల్లలు చురుగ్గా పాల్గొన్నారు, టీచరు అంకితభావంతో పనిచేస్తున్నారు’ అని ఒక ముక్క. ఈ వాక్యం రాయడానికి అంగన్‌వాడీ దాకా పోనక్కర్లేదు, ఆఫీసులో కూర్చొనే రాయొచ్చు.

ఒకరైతే హాజరు రిజిస్టరు తెప్పించి, తలలు లెక్కపెట్టి, తేడా కనిపెట్టి ఘనకార్యంలా రాసుకొచ్చారు. ఆ సాయంత్రమే సూపర్‌వైజరు ఫోను చేసి ‘మీవాళ్లు సాయానికొస్తున్నారా, తనిఖీకొస్తున్నారా’ అని నిలదీసిందట. నిలదీయదా మరి? 1975 అక్టోబరు 2న, 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకంలో భాగం ఆ కేంద్రం. టీచరుకు జవాబు అడిగేది ప్రభుత్వం. ఒప్పందంలో ఏం రాసుకున్నా మీరక్కడ చుట్టపుచూపుగా వచ్చినవాళ్లే.

సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి) అనుమతి, ముందుగా కబురు పెట్టడం, పిల్లల ఫోటోల విషయంలో జాగ్రత్త, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటి మీద కాలం వృథా చెయ్యను.

నాకు ఒళ్లు మండించిన సంగతి ఒకటుంది. ఇంచుమించు ప్రతి కాగితంలోనూ కనబడింది కాబట్టి కాస్త సాగదీసే చెప్తాను. నాలుగేళ్ల పిల్లను అందరి ముందూ నిలబెట్టి ‘ఏబీసీడీలు చెప్పు’, ‘ఒకట్లు ఎక్కడిదాకా వచ్చు’, ‘అఆలు రాస్తావా’ అని అడగడం. మీకది ముద్దుగా పలకరించడం. మిగతావాళ్లకు ఏమవుతుందో వరసగా చూడండి.

ముందు ఆ పిల్ల. కొత్త ముఖం చూసి బిగుసుకుపోతుంది. గౌను అంచు నోట్లో పెట్టుకుంటుంది. పక్కనుంచి టీచరు ‘చెప్పు, నిన్న చెప్పావుగా, చెప్పు’ అని గుసగుసలాడుతుంది. పిల్ల ‘టీచర్, ఒకటికి’ అని చిటికెన వేలు చూపించి బయటికి పరుగు తీస్తుంది. తెలివైన పిల్ల.

తర్వాత టీచరు. మీరు అడిగిందాన్ని బట్టి ఈ కొత్త మేడమ్‌కు, ఈ కొత్త సార్‌కు ఏం కావాలో ఆమె పట్టేస్తుంది. మరుసటి సెక్టార్ మీటింగులో చుట్టుపక్కల టీచర్లందరికీ ఆ మాట చేరిపోతుంది: ‘వాళ్లొస్తే అక్షరాలు అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి.’ ఇంకేం, నెల తిరిగేసరికి బొమ్మల పెట్టె అటక మీదికి, పలకలు చేతుల్లోకి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటకే పెద్దపీట వేసింది. 2023లో పోషణతో పాటు చదువూ అంటూ అంగన్‌వాడీల కోసం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ మొదలైంది, 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పాఠ్యప్రణాళిక ‘ఆధార్‌శిలా’ వచ్చింది. ఇన్ని ఒకవైపు, కారు దిగిన డైరెక్టరు ‘అఆలు వచ్చా?’ అన్న మాట ఒకవైపు. టీచరు రెండోదాన్నే నమ్ముతుంది. అడిగింది ఎదురుగా నిలబడ్డ మనిషి కదా.

ఆపైన తల్లులు. వీధి చివర ఇంగ్లీషు మీడియం బడిలో ఎల్‌కేజీ పిల్లలకు హోంవర్క్ ఇస్తున్నారు, ఇక్కడ ఉత్త ఆటలేనా అని వాళ్లకు ముందే బెంగ. పిల్లను దింపడానికొచ్చిన తల్లి మీ ప్రశ్న వింటే ఆ బెంగకు ముద్ర పడుతుంది. ఆటపాటల మీద మీ సంస్థ ఇన్నేళ్లు ఇచ్చిన శిక్షణను మీరే ఒక్క వాక్యంతో రద్దు చేసి వచ్చారన్నమాట.

కొత్తగా వచ్చిన నాయకుడి మొదటి ప్రశ్నే సర్క్యులర్. ఎవరూ సంతకం పెట్టరు, అందరూ అమలు చేస్తారు. మీ ఆఫీసులోనూ అంతే. మొదటి వారంలో ‘ఈ నెల ఎన్ని కేంద్రాలు కవర్ చేశాం?’ అంటే ఫీల్డు సిబ్బంది కేంద్రాల మీంచి పరుగులు పెడతారు. ‘దాతకు రిపోర్టు ఎప్పుడు పంపాలి?’ అంటే ఫోటోలు పోగుచేస్తారు. అందుకే మొదట్లో అడిగే ప్రశ్నలు ముందురోజు రాత్రే రాసిపెట్టుకోండి. అప్పటికప్పుడు తోచింది అడగడం పాతవాళ్లకు చెల్లుతుందేమో, మీకు చెల్లదు.

మరి ఎవరిని ఏం అడగాలి?

మొదట ఆయాను. పిల్లల సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇళ్లకెళ్లి పిలుచుకొచ్చేది ఆమె, మూతులు కడిగేది ఆమె. ‘అన్నం దగ్గర ఎవరు మొరాయిస్తారమ్మా?’ అని అడగండి. గుడ్డులో పచ్చసొన వదిలేసే పిల్లాడి నుంచి, ఇంట్లో చెల్లికిస్తానని గుడ్డు దాచుకునే పిల్ల దాకా చెప్పుకొస్తుంది. మీ పోషకాహార కార్యక్రమం పత్రంలో ఆ రెండో పిల్ల ఉందా, వెతకండి.

టీచరును ‘ఈ రోజు రానివాళ్లలో ఎవరి గురించి మీకు ఆలోచనగా ఉంది?’ అని అడగండి. ‘ఎంతమంది వచ్చారు?’ అంటే ఆమె రిజిస్టరు తీస్తుంది. ఇలా అడిగితే వలస పోయిన కుటుంబం గురించి, కాలు కాల్చుకున్న పిల్లాడి గురించి చెప్తుంది. అడగడానికీ వేళ ఉంది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులు, బాలింతలు కేంద్రానికే భోజనానికి వస్తారు. వంట చూసుకోవాలి, బరువులు తూయాలి, పసిపిల్లలకిచ్చే పోషకాహారం బాలామృతం పంచాలి, ఇవన్నీ ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. చాలాచోట్ల ఓటర్ల జాబితా పని కూడా ఆమె నెత్తినే. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ‘మీ బోధనా పద్ధతి ఏమిటి?’ అని అడిగినవాళ్లున్నారు మీలో. పిల్లలు పడుకున్నాక అడగండి.

తల్లుల్ని ఏమీ అడగకండి. ఈ విడత వాళ్లు మాట్లాడితే వినండి చాలు.

పిల్లల్నా? వాళ్లే మిమ్మల్ని అడుగుతారు. చాప మీద కూర్చొని చేతిలో ఏదో ఒకటి పట్టుకోండి, మూత ఊడిన డబ్బా అయినా సరే. కుర్చీ తెస్తే దండం పెట్టి పక్కన పెట్టించండి. చాక్లెట్లు తీసుకెళ్లొద్దు.

కొన్ని సంగతులకు అసలు ప్రశ్నే అక్కర్లేదు. హాజరు కావాలా, గుమ్మం బయట చిన్న చెప్పులు చూడండి. చెప్పుల్లేకుండా వచ్చేవాళ్లూ ఉంటారు, అది ఇంకో సమాచారం. ఆటవస్తువుల కిట్టు వాడుతున్నారా అని అడిగితే ‘వాడుతున్నాం మేడమ్’ అనే జవాబే వస్తుంది. పెట్టె చూడండి. జిగ్సా ముక్కల అంచులు అరిగి, చెక్కదిమ్మెల మీద పళ్లగాట్లు ఉంటే కిట్టు బతికున్నట్టు. ప్లాస్టిక్ కవరు చింపకుండా బీరువాలో ఉంటే టీచరును బద్ధకస్తురాలని రాయకండి. ఒక్క ముక్క పోతే లెక్క ఎవరు చెప్పాలో కనుక్కోండి. ఆమే చెప్పాలంటే ఏ మనిషి తెరుస్తుంది? అప్పుడు మీరు చెయ్యాల్సిన పని శిక్షణ పెట్టడం కాదు, పోయిన ముక్కలకు లెక్క అడగబోమని కాగితం మీద రాయించి ఇప్పించడం.

టిక్కులు పెట్టే ఫార్మాట్లు కావాలని ముగ్గురు నలుగురు రాశారు. ఇవ్వను. ఫార్మాటు చేతిలో ఉంటే కళ్లు కాగితం మీదే ఉంటాయి. నాకు జేబులో పట్టే రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు ఇష్టం. ఫోనులో రాసుకుంటానంటే మీ ఇష్టం, కానీ ఫోను తీసిన మరుక్షణం పిల్లలంతా దాని చుట్టూ చేరతారు.

‘నేను కార్పొరేటు నుంచి వచ్చాను, అంగన్‌వాడీల్లో కూర్చోవడానికి నాకు వేళెక్కడిది? దాతలతో మాట్లాడటానికే కదా తీసుకున్నారు’ అని ఒకరు కుండబద్దలు కొట్టారు. ఆయన కోసం ఒక పాత సంగతి. 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో, శిశువిద్యకు దారి వేసిన తారాబాయి మోదక్ గ్రామ బాలశిక్షా కేంద్రం మొదలుపెట్టినప్పుడు, ఆమెతో కలిసిన ఉపాధ్యాయిని అనుతాయి వాఘ్. తర్వాత పని కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడి వార్లీ ఆదివాసీ పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల ఇళ్ల ముంగిళ్లలోకి తీసుకెళ్లారు. పశువులు కాసే పిల్లల కోసం బీడు భూముల్లోనే బడి పెట్టారు. 1973లో తారాబాయి పోయాక, 1992లో తాను కన్నుమూసేదాకా ఆ పని నడిపింది అనుతాయి. బాధ్యత చేతికొచ్చేసరికి ఆమె ఆ గుడిసెల మధ్య తిరగబట్టి పాతికేళ్లు దాటింది. మీ చేతిలో ఉన్నది బోర్డు ఇచ్చిన నియామక పత్రం. దాతలతో ఏం మాట్లాడతారు, గుడ్డు దాచుకునే పిల్ల సంగతి తెలియకుండా?

అభ్యాసం. ఈసారి బరువైనదే, తప్పించుకోవద్దు.

అదే కేంద్రానికి మళ్లీ వెళ్లండి. సంస్థ బండిలో కాదు, బస్సులోనో ఆటోలోనో. పిల్లలు రాకముందే చేరండి. ఒక్క పిల్లనో పిల్లాడినో ఎంచుకోండి, ఎవరినన్నది ఎవరికీ చెప్పొద్దు. వచ్చినప్పటి నుంచి భోజనం అయ్యేదాకా, ఐదు నిమిషాలకొకసారి, ఆ క్షణాన ఆ పిల్ల ఏం చేస్తోందో ఒక్క వాక్యం. చురుకైన, మందకొడి, ముద్దొచ్చే, అల్లరి లాంటి మాటలు కనిపిస్తే కాగితం తిప్పి పంపిస్తాను. ‘నీలం దిమ్మె మీద ఎర్రదిమ్మె పెట్టింది, పడిపోయింది, మళ్లీ పెట్టింది’ అన్న తరహాలో రాయండి. ఏమీ చెయ్యకుండా కిటికీలోంచి చూస్తోందా, అదే రాయండి. ‘కిటికీలోంచి చూస్తోంది’ అని వరసగా ఆరుసార్లు రాయాల్సొస్తే ఆరుసార్లూ రాయండి.

ఆ రోజు మీరు నోరు తెరిచి అడిగిన ప్రశ్నలన్నీ నోటుబుక్కు వెనక పేజీలో ఎక్కించండి. ‘టీ ఎందుకమ్మా?’ అన్నది కూడా.

రాసింది మొదట నాకు పంపొద్దు, మీ ప్రోగ్రాం మేనేజరుకు చూపొద్దు. పిల్లలు నిద్రపోయాక, ఆ పిల్ల పేరు చెప్పి, టీచరుకు చదివి వినిపించండి. మధ్యలో ఆమె ‘అది కాదు మేడమ్, అది అప్పుడు అలా ఎందుకు చేసిందంటే’ అని అందుకుంటే చదవడం ఆపేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు పక్కన రాసుకోండి. నాకు పంపేటప్పుడు రెండూ కలిపి పంపండి.