ఒక ప్లాంటులో నేర్చుకున్నది మరో ప్లాంటుకు చేరాలంటే

ఒకే సంస్థకు నల్గొండ ప్రాంతంలో ఒకటి, కడప జిల్లాలో మరొకటి సిమెంటు ప్లాంట్లు ఉన్నాయనుకుందాం. మొదటి ప్లాంటులో ముడిపదార్థాలను కాల్చే పెద్ద కొలిమి అయిన కిల్న్ ఇన్‌లెట్ దగ్గర బిల్డప్ (గోడలకు అంటుకునే గట్టి పొర) పేరుకొని తరచూ సైక్లోన్లు (కిల్న్‌లోకి వెళ్లే పొడిని ముందుగా వేడిచేసే గరాటు ఆకారపు పాత్రలు) జామ్ అవుతుంటే, అక్కడివారు ఆరు నెలలు శ్రమించి కారణం కనుక్కుంటారు. ఏడాది తరువాత రెండో ప్లాంటులో అదే ఇబ్బంది వస్తే, అక్కడివారు మళ్లీ మొదటినుంచి వెతకడం మొదలుపెడతారు. ఇది జరగకుండా చూడడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ప్రతి పరిష్కారాన్నీ అది పనిచేసిన పరిస్థితులతో కలిపి రాయాలి. "పెట్‌కోక్ తగ్గించాం, జామ్‌లు తగ్గాయి" అని రాస్తే రెండో ప్లాంటుకు ఉపయోగం లేదు. చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనమైన పెట్‌కోక్‌లో గంధకం ఎక్కువ. ముడిపదార్థాలలోని క్షారాలు దానిని పట్టి ఉంచడానికి చాలకపోతే, మిగిలిన గంధకం మండే ప్రాంతంలో ఆవిరై, వెనుకకు వచ్చి, చల్లబడిన చోట జిగురుగా అంటుకుంటుంది. కిల్న్‌లో ఆక్సిజన్ తగ్గితే ఇది మరింత పెరుగుతుంది. అందువల్ల ఇంధనాల పాళ్లు, ముడిపదార్థాలలోని క్షారాలు, కిల్న్ ఇన్‌లెట్ ఆక్సిజన్, హాట్ మీల్‌లో (కిల్న్‌లోకి దిగే వేడి పొడిలో) గంధకం, క్లోరైడ్ ఎంతెంత ఉన్నాయన్న అంకెలు మార్పుకు ముందువీ తరువాతవీ నోట్‌లో ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి వేరైనా, అదే మందు అక్కడ పనిచేయకపోవచ్చు.

చేసి చూసి వదిలేసిన పద్ధతులనూ తప్పక రాయాలి. నా దృష్టిలో నోట్‌లో అన్నిటికంటే విలువైన భాగం అదే, ఎందుకంటే అవతలి ప్లాంటువారికి ముందుగా తోచేవీ ఆ దారులే. నోట్ ఒక పేజీ దాటకూడదు. షిఫ్టు ఇన్‌ఛార్జి చదవగలిగే తెలుగులో ఉండాలి. ఎవరిని అడగాలో పేరు ఉండాలి.

అయితే కాగితం మోయగలిగింది కొంతే. మంట రంగు చూసి కిల్న్ స్థితిని పసిగట్టే ఆపరేటర్ నేర్పు ఏ నోట్‌లోనూ ఇమడదు. 1982లో మూతబడిన, అమెరికాలోని జనరల్ మోటార్స్ కార్ల సంస్థ ఫ్రీమాంట్ కర్మాగారం 1984లో టయోటాతో ఉమ్మడిగా తిరిగి తెరుచుకున్నప్పుడు, అక్కడి కార్మికులను జట్లుగా జపాన్‌లోని తకఓకా ప్లాంటుకు పంపి, లైన్ మీదే పని నేర్పించారు. అలాగే మీరూ కిల్న్ ఆపరేటర్‌ను, ప్రాసెస్ ఇంజనీరును, ఫిట్టర్‌ను కలిపి పంపండి. ఒక్కరినే పంపితే, తిరిగి వచ్చాక తన మాటకు తోడు పలికేవారు ఉండరు. కనీసం వారం రోజులు, రాత్రి షిఫ్టుతో సహా, వారిని అక్కడ ఉంచండి. పర్యటన అంటే కాన్ఫరెన్స్ గదిలో స్లైడ్లు చూసి, భోజనం చేసి రావడం కాకూడదు.

ఉన్నదున్నట్లు నకలు చేయడమా, మార్చుకోవడమా అన్నది పరిశ్రమను బట్టి ఉంటుంది. చిప్‌ల తయారీలో ఇంటెల్ 'కాపీ ఎగ్జాక్ట్‌లీ' అన్న పద్ధతిని పాటించి, ఒక కర్మాగారంలోని యంత్రాలను, అమరికలను మరోచోట అచ్చంగా దింపుతుంది. ఆ పనికి అదే తగినది. గని మారితే రాయి మారే సిమెంటుకు అది నప్పదు. టయోటాలో 'యోకోటెన్' అనే, ఒకచోట నేర్చినదాన్ని పక్క ప్లాంట్లకు వ్యాపింపజేసే పద్ధతిలో, అందుకున్న ప్లాంటు స్వయంగా వెళ్లి చూసి, తన పరిస్థితికి సరిదిద్దుకొని అమలు చేస్తుంది. సిమెంటువారికి ఇదే దారి. మార్పును కొన్ని వారాలు ప్రయోగంగా నడపండి, ఏ అంకె దాటితే ఆపాలో ముందే రాసిపెట్టండి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా మొదటి ప్లాంటుకు తిరిగి తెలియజేయండి.

ప్రధాన కార్యాలయానికి ఒక విన్నపం: నెలనెలా ప్లాంట్లకు ర్యాంకులిచ్చి బోనస్‌ను వాటికే ముడిపెడితే, ఏ మేనేజరూ తన కిటుకును పక్కవారికి చెప్పడు. ఇతరులకు నేర్పినదానికీ, ఇతరుల నుంచి స్వీకరించినదానికీ సమానంగా గుర్తింపు ఇవ్వండి.

ఏటా జరిగే పెద్ద షట్‌డౌన్‌కు ముందు రెండు ప్లాంట్లవారూ కలిసి కూర్చొని నోట్లన్నీ తిరగేయాలి. ఇంధనమో, బర్నరో, గనిలో తవ్వే పొరో మారినవాటికి కొత్త తేదీ వేసి అంకెలు సరిచేసి, పనికిరానివాటిని ఫైలులోంచి తీసేయాలి.